ప్యాస్‌ని దాచుకునే ఇళ్లు

“షుగర్ మరీజులకు ఖుష్‌ఖబరీ! పరగడుపున నాలుగు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు. నలభై రోజులు తాగితే షుగర్ గాయబ్, గోలీలు బంద్. పదిమందికి పంపి సవాబ్ కమాయించండి.”

ఈ మెసేజ్ ఏదో ఒక వేషంలో మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటుంది. ఒకసారి రాగిచెంబు నీళ్లంటారు. ఒకసారి మెంతుల నీళ్లు, ఒకసారి బెండకాయ ముక్కలు రాత్రంతా నానబెట్టిన నీళ్లు. మా కమ్మర్‌పల్లి వైపైతే చెప్పేదేముంది, పసుపు నీళ్లు. పంపేవాళ్లు చెడ్డవాళ్లు కాదు. మన మామూలే, మన ఖాలాలే. దువాతో పాటు ఒక నుస్ఖా కూడా పంపుతున్నామనుకుంటారు.

అదే ఇంట్లో ఇంకో మాట కూడా వినిపిస్తుంది. షుగర్ ఉన్న అమ్మీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకోగానే కొడుకో కోడలో అంటారు: “ఇత్తా పానీ నక్కో పీవో అమ్మీ, రాత్ కూ దస్ బార్ ఉఠ్నా పడ్తా.” ఇన్ని నీళ్లు తాగకు, రాత్రి పదిసార్లు లేవాల్సొస్తుందని. అమ్మీ ఒక గుటక మింగి గ్లాసు పక్కన పెట్టేస్తుంది. ఎవరికీ అది తప్పుగా అనిపించదు.

మొదటి మాట నీళ్లని దవా అంటుంది. రెండో మాట నీళ్లని దుష్మన్ చేస్తుంది. రెండూ గలత్. మొదటి మాటని ఎగతాళి చేసేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. రెండో మాట మీద ఎవరూ రాయరు, ఎందుకంటే అది వాట్సాప్‌లో పుట్టలేదు, మన ఇళ్లలోనే పుట్టింది. నా ఈ రాత రెండింటికీ ఖిలాఫ్, కానీ రెండోదానికి ఇంకా ఎక్కువ ఖిలాఫ్.

ముందు పేషాబ్, తర్వాత ప్యాస్

షుగర్ ఉన్నవాళ్లు నీళ్లు ఎక్కువ తాగుతారు, అందుకే మాటిమాటికీ పేషాబ్‌కి పోతారు అని మన ఇళ్లలో హిసాబ్. ఈ హిసాబ్ తలకిందులైంది.

మన గుర్దాలు, అంటే కిడ్నీలు, రోజంతా ఖూన్‌ని వడపోస్తుంటాయి. ఆ వడపోతలో చక్కెర కూడా బయటికొస్తుంది. అది ఒంటికి కావలసిన ఖజానా కాబట్టి గుర్దాలు దాన్ని మళ్లీ వెనక్కి తీసుకుంటాయి. ఆ తాకత్‌కి ఒక హద్దు ఉంది. డెసిలీటరు ఖూన్‌లో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటిందంటే గుర్దాలు మొత్తం వెనక్కి తీసుకోలేవు. మిగిలింది పేషాబ్‌లోకి జారిపోతుంది. జారిపోయే చక్కెర ఒక్కతే పోదు, తన వెంట నీళ్లని లాక్కుపోతుంది. పేషాబ్ ఎక్కువవుతుంది. ఒంట్లో నీళ్లు తగ్గుతాయి. దిమాగ్ ఆ సంగతి పసిగట్టి ప్యాస్ పుట్టిస్తుంది. అప్పుడు మనిషి గ్లాసు అందుకుంటాడు.

అంటే అమ్మీ చేతిలో ఉన్న గ్లాసు బీమారీ కాదు. పోయిన నీళ్లని తిరిగి తెచ్చుకునే కోషిష్ అది. నీళ్లు ఆపితే పేషాబ్ ఆగుతుందనుకోవడం, కుండకి చిల్లు పడితే నీళ్లు పోయడం మానేసి కుండ బాగైందనుకోవడమే. చిల్లు పూడాలంటే ఖూన్‌లో చక్కెర దిగాలి. అది దిగేది గోలీతో, ఇన్సులిన్‌తో, తిండిలో పర్‌హేజ్‌తో, నడకతో. అది దిగితే రాత్రి లేవడం కూడా దానంతటదే తగ్గుతుంది.

ఇది కొత్త ఇల్మ్ కూడా కాదు. ఉర్దూలో ఈ బీమారీని జియాబేతుస్ అంటాం. గ్రీకు నుంచి వచ్చిన మాట అది, లోపలికి పోయింది పోయినట్టే దాటి బయటికి పారడం అని దాని అర్థం. ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’లో ఈ మరీజుల తీపి పేషాబ్ గురించి రాశాడు. మన దేశపు పాత వైద్యులు మధుమేహం అన్నారు, తేనెలాంటి మూత్రం అని. వెయ్యేళ్ల కిందటి హకీంలకి ప్యాస్ ఈ బీమారీకి నిషానీ అని తెలుసు. చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్న మనం ఆ నిషానీనే తప్పు పడుతున్నాం.

నీళ్లు ఆపితే చక్కెర ఆగదు

ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు దిమాగ్ నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోన్ ఖూన్‌లోకి వస్తుంది. ఉన్న నీళ్లని జాగ్రత్తగా దాచుకోమని గుర్దాలకి హుకుం ఇవ్వడం దాని పని. అదే హార్మోన్ జిగర్ మీద కూడా పనిచేస్తుంది. జిగర్‌లో నిల్వ ఉన్న చక్కెర ఖూన్‌లోకి విడుదలయ్యేలా చేస్తుంది. అంటే నీళ్లు తాగనివ్వకపోతే, ఏమీ తినకుండానే చక్కెర పెరిగే దారి ఒకటి తెరుచుకుంటుంది.

దీనికి సబూత్ ఏమిటని అడగాలి, అడగడం మంచిదే. ఫ్రాన్స్‌లో మూడున్నర వేల మందికి పైగా మనుషుల్ని తొమ్మిదేళ్లు గమనించిన అధ్యయనం ఒకటి 2011లో అచ్చయింది. రోజుకి అర లీటరు కూడా నీళ్లు తాగనివాళ్లలో, అంతకన్నా ఎక్కువ తాగేవాళ్లతో పోలిస్తే, ఖూన్‌లో చక్కెర కొత్తగా పెరగడం ఎక్కువగా కనిపించింది. 2017లో ఇంకొకటి వచ్చింది. టైప్ 2 షుగర్ ఉన్న తొమ్మిదిమంది మగవాళ్లకి మూడు రోజుల పాటు నీళ్లు తగ్గించి, తర్వాత గ్లూకోజ్ తాగించి పరీక్ష చేశారు. నీళ్లు సరిగా తాగిన రోజులకన్నా అప్పుడు చక్కెర ఎక్కువగా నిలిచింది.

ఇన్సాఫ్‌గా మాట్లాడాలి. మొదటి అధ్యయనంలో నీళ్లు తక్కువ తాగేవాళ్లు తిండిలో, పనిలో, నిద్రలో కూడా వేరేగా ఉండి ఉండొచ్చు. నీళ్లే సబబ్ అని అది తేల్చి చెప్పదు. రెండోది తొమ్మిదిమంది మీదే. వీటిని పట్టుకుని నీళ్లతో షుగర్ నయమవుతుందని చెప్పేవాడు ఫరేబీ. కానీ షుగర్ మరీజ్‌కి నీళ్లు తగ్గిస్తే మేలని చెప్పే దలీల్ ఏదీ లేదు. మన ఇళ్లలో మాత్రం ఆ దలీల్ లేని మాటే నడుస్తోంది.

దీని ఆఖరి మెట్టు ఎలా ఉంటుందో కూడా తెలుసుకోవాలి. ముసలి మనిషికి చక్కెర బాగా పెరిగి ఉంటుంది. పైన జ్వరమో విరేచనాలో తగులుకుంటాయి. నీళ్లు సరిపడా అందవు. చక్కెర 600 దాటిపోతుంది. ఒళ్లు ఎండిపోతుంది, మాట తడబడుతుంది, మనిషి మత్తుగా పడి ఉంటాడు. “కమ్‌జోరీ ఉంది, సోనే దేవ్” అని దుప్పటి కప్పుతాం. అది నిద్ర కాదు, హోష్ పోవడం. అప్పుడు దవాఖానాలో ఇన్సులిన్ కన్నా ముందు సెలైన్ ఎక్కిస్తారు. సెలైన్ అంటే ఉప్పు కలిపిన నీళ్లే. ఇంట్లో గ్లాసుతో ఆపిన నీళ్లని అక్కడ సూదితో ఎక్కిస్తారు, బిల్లు మాత్రం వేరు.

పిల్లల సంగతి ఇంకా నాజూక్. ఎనిమిదేళ్ల పిల్లాడు ఉన్నట్టుండి చెంబులకి చెంబులు నీళ్లు తాగుతున్నాడు, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది, తింటున్నా చిక్కిపోతున్నాడు అంటే, ముందు ఏం చేస్తాం? రాత్రి నీళ్లు బంద్ అని గద్దిస్తాం. నజర్ తగిలిందని దమ్ చేయిస్తాం. అవి టైప్ 1 షుగర్ నిషానీలు. ఆ రోజే వేలి రక్తం పరీక్ష చేయించాలి. ఇన్సులిన్ లేకుండా రోజులు గడిస్తే ఖూన్‌లో తేజాబ్‌లాంటి కీటోన్లు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. నీళ్లు ఎక్కువ తాగుతున్నాడని పిల్లాడి మీద అరిచే ముందు ఈ ఒక్క సంగతి యాద్ పెట్టుకోండి.

ఇంకో మాట. పేషాబ్ తెల్లగా వస్తే ఒంట్లో నీళ్లు సరిపోయినట్టే అని డాక్టర్లు కూడా చెప్తుంటారు. మామూలు మనిషికి అది సహీ. చక్కెర బాగా పెరిగి ఉన్న మరీజ్‌కి ఆ రంగు ధోకా ఇస్తుంది. ఒళ్లు ఎండిపోతున్నా పేషాబ్ నీళ్లలా తెల్లగానే పోతుంటుంది. అక్కడ రంగుని కాదు, మీటర్‌ని నమ్మాలి.

నీళ్లు దవా ఎందుకు కాదు

చాయ్‌లో చక్కెర ఎక్కువైతే నీళ్లు పోసి పల్చన చేస్తాం కదా, ఖూన్‌లో కూడా అంతే అని నుస్ఖా పంపేవాళ్ల ఊహ. ఒళ్లు చాయ్ గ్లాసు కాదు. ఎక్కువైన నీళ్లని ఆరోగ్యంగా ఉన్న గుర్దాలు కొద్ది గంటల్లోనే బయటికి పంపేస్తాయి. షుగర్ అసలు బీమారీ నీళ్ల కొరత కాదు. ఇన్సులిన్ తక్కువ తయారవడం, లేదంటే తయారైన ఇన్సులిన్ మాట ఒళ్లు వినకపోవడం. ఆ తాళానికి నీళ్లు చాబీ కావు. ఒళ్లు ఎండినప్పుడు పెరిగే చక్కెరని నీళ్లు ఆపగలవు. ఒళ్లు తడిగా ఉన్నవాడికి నాలుగు లీటర్లు పోసినా గోలీ చేసే పని అవి చేయవు.

టెస్టుకి ముందు లీటరు నీళ్లు తాగి చక్కెర తక్కువ చూపించాలని ప్రయత్నించే హుషార్‌గాళ్లు కూడా ఉన్నారు. డాక్టర్ని మోసం చేద్దామనుకుని ఖుద్ మోసపోతారు. హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష గడిచిన రెండు మూడు నెలల లెక్క చెప్తుంది. పొద్దున తాగిన నీళ్లతో అది మారదు. దీనికి ఉల్టా ఇంకో గలత్‌ఫహమీ ఉంది, పరగడుపు టెస్టుకి నీళ్లు కూడా తాగొద్దని. చాయ్, పాలు, పండ్లరసం వద్దు. ఉత్త నీళ్లు తాగొచ్చు. అమ్మీని ఆర్మూర్‌కో నిజామాబాద్‌కో టెస్టుకి తీసుకుపోతూ గొంతు ఎండబెట్టాల్సిన పనిలేదు.

ఈ ఫార్వర్డ్‌లలో అసలు జహర్ “గోలీలు బంద్” అనే రెండు మాటల్లో ఉంది. 2023లో అచ్చయిన ఐసీఎంఆర్ అధ్యయనం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల 10 లక్షల మంది అని అంచనా కట్టింది. ఇంతమంది మరీజులుంటే అక్కడ తిజారత్ పుట్టకుండా ఉంటుందా? ఒకరు రాగిచెంబు అమ్ముతారు, ఒకరు ఆల్కలైన్ నీళ్ల మిషన్ అమ్ముతారు, ఒకరు పొడి అమ్ముతారు. షుగర్ నయం చేస్తామని దవాలకి ఇష్తెహార్ ఇవ్వడం మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారం జుర్మ్. ఆ ఏడాది వచ్చిన మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో అలాంటి బీమారీల జాబితా ఉంది, అందులో షుగర్ కూడా ఉంది. చట్టానికి డెబ్బై ఏళ్లు దాటాయి, ఇష్తెహార్ ఆగలేదు. గోడల మీద నుంచి ఫోన్‌లోకి మారింది, అంతే.

పసుపు గురించి మా ఊరివాడిగా చెప్తాను. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రమే ఉంది. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది. పసుపు మాకు పంట, రంగు, వాసన, అప్పు, ఆశ. పసుపులో ఉండే కర్క్యుమిన్ మీద ప్రపంచంలో పరిశోధనలు జరుగుతున్నాయి, జరగనివ్వండి. కానీ గ్లాసు నీళ్లలో చెంచా పసుపు కలిపి తాగితే షుగర్ పోయేదుంటే మా కమ్మర్‌పల్లిలో, మోర్తాడ్‌లో, ఆర్మూర్‌లో మెడికల్ షాపులన్నీ ఈపాటికి మూతపడాలి. పసుపు పండించేవాడే షుగర్ గోలీ కొనుక్కుంటుంటే, ఆ పసుపు నీళ్ల నుస్ఖాని నమ్మేదెవరు?

ఎక్కువ నీళ్లు అందరికీ మంచివి కూడా కాదు. గుర్దాలు ఖరాబైనవాళ్లు, డయాలసిస్‌లో ఉన్నవాళ్లు, గుండె బలహీనపడి కాళ్లకి నీరు పట్టేవాళ్లు డాక్టర్ చెప్పిన కొలతే తాగాలి. షుగర్ పాతబడ్డ ఇళ్లలో ఈ మూడూ ఉంటాయి. వాళ్ల చేత నాలుగు లీటర్లు తాగించే మెసేజ్ సవాబ్ తేదు, జనాజా తెస్తుంది. మిగతావాళ్లకి లెక్క సీదా ఉంది. తిండిలో వచ్చే నీటితో కలిపి రోజుకి రెండు, రెండున్నర లీటర్లు. ఎండలో పనిచేసేవాళ్లకి ఇంకా ఎక్కువ. ఒకేసారి గటగటా కాదు, రోజంతా కొంచెం కొంచెంగా.

గోలీల సంగతి కూడా నీళ్లతో ముడిపడి ఉంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి గోలీల పనే చక్కెరని పేషాబ్‌లోకి పంపడం. 2020లో పేటెంట్ తీరాక డాపాగ్లిఫ్లోజిన్ సస్తా అయింది, చాలామందికి రాస్తున్నారు. అవి వేసుకునే మనిషికి నీళ్లు ఆపడం జుల్మ్. వాంతులు, విరేచనాలు పట్టుకుని నీళ్లు నిలవని రోజుల్లో ఈ గోలీలనీ మెట్‌ఫార్మిన్‌నీ కొన్నాళ్లు ఆపాల్సి రావచ్చు. ఆపాలా వద్దా అన్నది వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేసి అడగాలి. ఇన్సులిన్‌ని మాత్రం సొంత తెలివితో ఎప్పుడూ ఆపొద్దు.

తీపి నీళ్ల లెక్క

నీళ్లు నిజంగా చక్కెర దింపే జాగా ఒకటుంది. అది ఎవరూ ఫార్వర్డ్ చేయరు, ఎందుకంటే అందులో మన ఆదత్ మీదే వేలు పడుతుంది. తీపి తాగే చోట ఉత్త నీళ్లు తాగడం.

300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో 30 గ్రాములకి పైగా చక్కెర ఉంటుంది, అంటే ఆరేడు చెంచాలు. ఆ తీపి నమలాల్సిన పని లేకుండా సీదా ఖూన్‌లోకి పరిగెడుతుంది. రోజుకి తిండిలో కలిపే చక్కెరని వీలైతే 25 గ్రాముల దగ్గర ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది షుగర్ లేనివాళ్లకి కూడా. మన దగ్గర మూడు చాయ్‌లలో రెండేసి చెంచాలు వేస్తే అక్కడే ఆ హద్దు దాటింది. మెహమాన్ వచ్చాడని కూల్‌డ్రింక్, దావత్‌లో బిర్యానీ తర్వాత ఇంకో కూల్‌డ్రింక్, ఇఫ్తార్‌లో ఎర్రటి షర్బత్. షుగర్ ఉన్న మామూ వద్దంటే “అరే, ఏక్ గ్లాస్ సే క్యా హోతా” అని బలవంతం. మామూకి నీళ్లు ఎక్కువైతే కంగారుపడే మనమే షర్బత్‌కి మాత్రం జబర్దస్తీ చేస్తాం. మెహమాన్‌నవాజీ పేరుతో మనం పెట్టే ఈ గ్లాసు కన్నా, చల్లటి మట్టికుండ నీళ్లలో నిమ్మకాయ పిండి ఇచ్చే గ్లాసు ఇజ్జత్‌లో ఏం తక్కువ?

ప్యాస్ ఆడవాళ్ల వాటా

ఇప్పుడు అసలు మాట.

మా నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే ఆడవాళ్లు వేలల్లో ఉన్నారు. హిందూ, ముసల్మాన్ తేడా లేదు, ఆ చేట అందరి ఒళ్లోనూ ఉంది. లెక్క బీడీల మీద నడుస్తుంది, గంటల మీద కాదు. లేచిన ప్రతిసారీ చేతి మీది పని ఆగుతుంది, సాయంత్రానికి బీడీలు తక్కువ పడతాయి. కాబట్టి నీళ్లు తగ్గించుకోవడం అక్కడ ఒక హునర్‌లాగా తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. పసుపు చేన్లలో, కళ్లాల దగ్గర కూలీకి పోయే ఆడవాళ్లదీ అదే కథ. చాటు లేదు, అందుకని నీళ్లు తాగరు. పొద్దున పోయినవాళ్లు సాయంత్రం ఇంటికొచ్చాకే పేషాబ్‌కి పోతారు. షుగర్ ఉన్న ఒంట్లో పేషాబ్ ఆపుకుంటే మసానాలో ఇన్‌ఫెక్షన్ రావడం సులువు. ఇన్‌ఫెక్షన్ వస్తే చక్కెర ఇంకా పెరుగుతుంది. చక్కెర పెరిగితే పేషాబ్, పేషాబ్ భయంతో మళ్లీ నీళ్లు బంద్. ఈ చక్రంలో ఎక్కడా ఆ ఆడమనిషి తప్పు లేదు. తప్పు చాటు కట్టించని వాళ్లది.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఫ్రీ అయింది. మంచి పని, దాన్ని నేను ఎగతాళి చేయను. కానీ బస్సెక్కే ముందు మన ఖాలా ఏం చేస్తుందో చూడండి. పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేస్తుంది. దిగే చోట శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటుందన్న భరోసా లేదు, ఉన్నచోట నీళ్లు ఉంటాయన్న భరోసా లేదు. బురఖాతో ఆ తడి గచ్చు మీద అడుగు పెట్టలేక వెనక్కి తిరిగి వచ్చే ఆడవాళ్లు ఎందరో. టికెట్ మాఫ్ అయింది, ప్యాస్ మాఫ్ కాలేదు.

1963 జులై 26న నెహ్రూ పునాదిరాయి వేసిన పోచంపాడు డ్యామ్ మాకు దూరం కాదు. 2016 ఆగస్టు 7న మొదలైన మిషన్ భగీరథ పేరు మీద పైపులు ఊళ్లలోకి వచ్చాయి. గోదావరి మన గడప దాకా వచ్చిందని సర్కార్లు లెక్క చెప్తాయి. గడప నుంచి అమ్మీ చేతిలోని గ్లాసు దాకా ఉన్న నాలుగు అడుగుల లెక్క ఎవరు చెప్తారు? ఆ నాలుగు అడుగుల్లో షర్మ్ ఉంది, మరుగుదొడ్డి లేకపోవడం ఉంది, “నక్కో పీవో” అనే మన గొంతు ఉంది.

రోజా, రుఖ్సత్

రంజాన్ గురించి మాట్లాడకుండా మన ఇళ్లలో ఈ మాట పూర్తికాదు. ఈ రెండు మూడేళ్లు రంజాన్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తోంది. మా దగ్గర అది పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టే కాలం. షుగర్ ఉన్న మనిషి రోజా పట్టి, ఉడుకుతున్న పసుపు ఆవిరి పక్కన నిలబడితే ఒంట్లో నీళ్లు ఎంతసేపు నిలుస్తాయి?

2001లో 13 దేశాల్లో, షుగర్ ఉన్న 12 వేల మందికి పైగా ముసల్మాన్‌ల మీద ఎపిడయార్ అనే అధ్యయనం జరిగింది. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లలో 79 శాతం మంది కనీసం పదిహేను రోజులు రోజా పట్టారు. వాళ్లలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయి దవాఖానాకి చేరడం మిగతా నెలలకన్నా ఏడున్నర రెట్లు పెరిగింది. ప్రమాదకరంగా పైకి పోవడం ఐదు రెట్లు. ఇది రోజా ఖిలాఫ్ దలీల్ కాదు. తయారీ లేని రోజా ఖిలాఫ్ దలీల్. షుగర్ అదుపులో ఉండి, డాక్టర్‌తో మాట్లాడి, గోలీల టైము మార్చుకుని హాయిగా రోజా పట్టేవాళ్లు ఎందరో ఉన్నారు.

తయారీ అంటే రంజాన్‌కి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టర్ దగ్గరికి పోవడం. రోజాలో వేలు పొడిచి చక్కెర చూసుకోవడం. దానివల్ల రోజా పోదు. చక్కెర 70 కన్నా దిగినా, 300 దాటినా, మగ్రిబ్‌కి ఐదు నిమిషాలే ఉన్నా రోజా విడిచేయడం. ఇఫ్తార్ నుంచి సహరీ దాకా గంటకో గ్లాసు చొప్పున నీళ్లు తాగడం, సహరీ చివరి నిమిషంలో నాలుగు గ్లాసులు దిగమింగడం కాదు. తరావీకి పోయేటప్పుడు సీసా వెంట పెట్టుకోవడం.

రోజా పట్టలేని మరీజ్‌కి సూరె బఖరాలో 184, 185 ఆయతుల్లో రుఖ్సత్ ఉంది. తర్వాత ఖజా చేసుకునే దారి, అది కూడా వీలుకాని మనిషికి ఫిద్యా దారి ఉలమా చెప్తారు. నేను ఫత్వా ఇచ్చేవాణ్ని కాను. మీ ఆలిమ్‌ని అడగండి, డాక్టర్ రాసిన కాగితం చేతిలో పెట్టుకుని అడగండి. నా గొడవ ఆలిమ్‌తో కాదు. మధ్యాహ్నం దొంగచాటుగా వంటింట్లో నీళ్లు తాగుతున్న ముసలి ఫుప్పూని చూసి “క్యా ఫుప్పూ, రోజా నహీఁ?” అని నలుగురిలో అడిగే నోటితో నా గొడవ. అల్లా ఇచ్చిన రుఖ్సత్‌ని పక్కింటివాళ్లు వాపస్ తీసుకుంటున్నారు. ఆ ఒక్క సవాల్‌కి భయపడి ఎందరు ముసలివాళ్లు ఎండిన నాలుకతో రోజా నెట్టుకొస్తారో, ఎందరు తర్వాత డ్రిప్ కింద పడుకుంటారో లెక్క రాసేవాళ్లు లేరు. జిస్మ్ మనకి అమానత్ అని జుమ్మా బయాన్‌లో వింటాం. అమానత్‌ని ఎండబెట్టమని ఎవరూ చెప్పలేదు.

ఇంటి నుంచి మొదలు

దుబాయ్‌లో, సౌదీలో ఉన్న మన పిల్లలకి కూడా ఇదే మాట. కమ్మర్‌పల్లి, బాల్కొండ, మోర్తాడ్ నుంచి గల్ఫ్‌కి పోనివాళ్లున్న గల్లీ తక్కువ. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మిట్టమధ్యాహ్నం బయటి పని బంద్ చేయించే కానూన్ ఉంది. మిగతా గంటల్లో ఆ ఎండలో నీళ్లకి బదులు ఎనర్జీ డ్రింక్ తాగి పనిచేస్తే, ఛుట్టీకి వచ్చినప్పుడు సూట్‌కేసులో బిస్కెట్ డబ్బాలతో పాటు షుగర్ కూడా దిగుతుంది. వీడియో కాల్‌లో “ఖానా ఖాయే?” అని రోజూ అడుగుతాం. “పానీ పియే?” అని కూడా అడగండి.

ఇక ఇంట్లో. బీడీ చేట పక్కన నిండు చెంబు పెట్టండి. అమ్మీకి నీళ్లు పొద్దున, మధ్యాహ్నం, అసర్ దాకా బాగా ఇవ్వండి. రాత్రి పడుకునే ముందు రెండు గంటలు తగ్గించుకుంటే చాలు. రాత్రి లేచి పడిపోతుందని భయమైతే నీళ్లు ఆపకండి, బాత్రూమ్ దారిలో బల్బు పెట్టించండి, గోడకి పట్టుకునే రాడ్ బిగించండి. అవి రెండూ ఒక రాత్రి సెలైన్ కన్నా సస్తా. ఉన్నట్టుండి ఇంట్లో ఎవరి ప్యాస్ అయినా పెరిగితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోండి. ముప్ఫై ఏళ్లు దాటినవాళ్లకి అక్కడ షుగర్, బీపీ చూస్తారు, గోలీలు పైసా లేకుండా ఇస్తారు. నుస్ఖా మెసేజ్ వస్తే పదిమందికి పంపకండి, పంపినవాళ్లకి ఫోన్ చేసి అదబ్‌గా చెప్పండి.

మసీదు కమిటీ పెద్దలకి ఒక దర్ఖాస్త్. రజబ్, షాబాన్ నెలల్లోనే ఒక జుమ్మా రోజు షుగర్ పరీక్ష క్యాంపు పెట్టించండి. ఆడవాళ్లు కూడా వచ్చేలా, వాళ్లకి వేరే జాగా, వేరే టైము పెట్టండి. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద షర్బత్ జగ్గు పక్కన నీళ్ల జగ్గు పెట్టండి, నీళ్ల జగ్గే ముందు పెట్టండి.

ఓట్లకి వచ్చేవాళ్లకి కూడా ఒక సవాల్ సిద్ధంగా ఉంచండి. మండల కేంద్రంలో, సంతలో, బస్టాండులో, పసుపు కళ్లాల దగ్గర ఆడవాళ్ల మరుగుదొడ్డి ఎక్కడుంది, అందులో నీళ్లు వస్తున్నాయా, రాత్రి లైటు వెలుగుతుందా? జవాబు చెప్పలేనివాడికి మన ఇంటి చాయ్ కూడా వద్దు.

నీళ్లు షుగర్‌కి దవా కావు. ఎన్నడూ కాలేదు. కానీ షుగర్ ఉన్న మనిషికి నీళ్లు హఖ్. దవా ఇవ్వాలంటే డాక్టర్ కావాలి, పైసలు కావాలి. హఖ్ ఇవ్వాలంటే నోరు మూసుకుని గ్లాసు నింపితే చాలు.